పెరుగు గిన్నెకు డాక్టరు పట్టా

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో పెరుగు మీద అర పేజీ వేశాక సవరణ ఏమైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు సరికదా, మొన్న చిట్కాల శీర్షికలో అదే మాట మళ్లీ వేశారు. పెరుగులోని బ్యాక్టీరియా ఒంట్లో వాపును హరిస్తుందట!

మా బ్రాడీపేటలో ఒక పెద్దాయన ఆ కటింగ్ జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. మోకాళ్ల వాపుకు డాక్టరు రాసిన మాత్రలు మానేసి పూటకో గిన్నె గడ్డపెరుగు లాగిస్తున్నారు. ‘మీరు సైన్సు చెప్పినవారు కదా, కాస్త చెప్పండి అన్నయ్యగారూ’ అని వాళ్లావిడ బతిమాలింది. చెబితే వింటేగా! పేపర్లో వచ్చిందంటారు.

విషయంలో అసలు పస లేదని కాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 2021లో ప్రచురించిన అధ్యయనంలో పులియబెట్టిన పదార్థాలు 10 వారాలు తిన్నవారి రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌కు, అంటే ఒంట్లో వాపుకు సంబంధించిన 19 ప్రోటీన్లు తగ్గాయి. కానీ పులిసినవి తిన్నవారినీ, పోలిక కోసం పీచు ఎక్కువున్నవి తిన్నవారినీ కలిపి తీసుకున్నది 36 మందినే, అదీ ఆరోగ్యవంతులను. వాళ్లు తిన్నది పెరుగొక్కటే కాదు, కెఫిర్ (పులియబెట్టిన పాలు), కిమ్చి (కొరియా వాళ్ల పులిసిన క్యాబేజీ) లాంటివి కూడా. పాలను పెరుగుగా మార్చే స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్ అనే బ్యాక్టీరియాల మీద జరిగిన పనిలో చాలా భాగం ల్యాబులో పెంచిన కణాల మీద, ఎలుకల మీద. పైగా ఒకే జాతి బ్యాక్టీరియాలో ఒక స్ట్రెయిన్ (ఉపరకం) చేసే మేలు ఇంకోటి చేయకపోవచ్చు. మనింటి తోడులో ఏది ఉందో ఎవరు చూశారు? ఇవేమీ మీ అర పేజీలో లేవు. బతికున్న బ్యాక్టీరియా మహిమ వర్ణించి, పక్కనే బాక్సు కట్టి మజ్జిగ పులుసు తయారీ వేశారు. తెర్లించిన పులుసులో ఆ బ్యాక్టీరియా ఇంకెక్కడ బతుకుతుంది స్వామీ?

పోనీ, ఊళ్లో దొరికే పెరుగు గురించి రాశారా అంటే అదీ లేదు. మే నెల ఎండలో కిరాణా కొట్ల ముందు ట్రేలలో ప్యాకెట్లు బూరెల్లా ఉబ్బి ఉంటాయి. కరెంటు బిల్లుకు భయపడి రాత్రిళ్లు ఫ్రిజ్ ఆపే కొట్లు నాకు తెలుసు. ఆహార భద్రత అధికారులకు దసరా ముందు స్వీటు షాపులో ఫొటో దిగడంతో ఏడాది డ్యూటీ అయిపోతుంది. 2022 జూలైలో ప్యాకెట్ పెరుగు మీద 5 శాతం జీఎస్టీ వేయడానికి ఉన్న శ్రద్ధ, ఆ పెరుగు ఎలా ఉందో చూడటానికి లేదు. ఇక చలివేంద్రాల సంగతి చెప్పనక్కర్లేదు. నాయకుడి ఫ్లెక్సీ నిలువెత్తు, గ్లాసులో మజ్జిగ చారెడు, అందులో కలిపిన నీళ్లు ఎక్కడివో ఆయనకే తెలియాలి.

నేనూ రెండు పూటలా పెరుగన్నం తినేవాణ్ణే. పెరుగు తినమనండి, మాత్రలు మానేలా మాత్రం రాయకండి. సవరణ వేస్తే అదే ఆదివారం అనుబంధంలో, అదే సైజు హెడ్డింగుతో వేయండి. లోపలి పేజీల్లో టెండరు ప్రకటనల కింద వేస్తే మా పెద్దాయన కంట పడదు.

– ఒక రిటైర్డ్ లెక్చరర్, బ్రాడీపేట, గుంటూరు