చూపు తక్కువ పిల్లల తెలుగు అక్షరాల కిట్‌పై ఫిర్యాదు

చెన్నై

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: 3–6 ఏళ్ల లో విజన్ పిల్లల కోసమని మీరు అమ్ముతున్న తెలుగు అక్షరాల కిట్‌లోని లోపాలు, అమ్మకం ఆపడం, డబ్బు వాపసు.

అయ్యా,

అన్నానగర్, కొళత్తూరు, వేళచ్చేరి, మడిపాక్కం ప్రాంతాల్లో ఉంటున్న ఆరు తెలుగు కుటుంబాలం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. ఆరిళ్లలోనూ చూపు తక్కువగా ఉన్న చిన్నపిల్లలున్నారు. కిట్ ఒక్కోటి 6,490 రూపాయలు. బిల్లులు, ఫొటోలు, స్కేలుతో తీసిన కొలతలు జతచేశాం. మీ కస్టమర్ కేర్‌తో మూడుసార్లు మాట్లాడాం. వాపసు గడువు ఏడు రోజులేనని, అది దాటిపోయిందని రెండుసార్లు చెప్పారు. మూడోసారి "బాబుని కాస్త దూరంగా కూర్చోబెట్టి చూపించండి" అన్నారు. ఆ సలహా విన్నాక ఫోనులో లాభం లేదని తేలింది.

ముందు ప్రాణం మీదికి తెచ్చే సంగతి. లైటున్న భూతద్దంలో సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ పెట్టారు. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3 వోల్టులు. దాని మూతకు స్క్రూ లేదు, గోటితో పక్కకి నెడితే జారి వస్తుంది. భోజనాల బల్ల ఎత్తు నుంచి గచ్చు మీదికి ఆరు భూతద్దాలనూ ఒక్కోసారి జారవిడిచి చూశాం. మూడింటి మూత ఎగిరిపోయి బిళ్ల బయటికి దొర్లింది. చూపు తక్కువ పిల్లలు కింద పడ్డ వస్తువును చేత్తో తడిమి వెతుకుతారు. దొరికినదాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుంటారు, అదేమిటో నోట్లో పెట్టుకుని తెలుసుకునేవాళ్లూ ఉంటారు. ఈ సైజు బిళ్ల చిన్నపిల్లల అన్నవాహికలో ఇరుక్కుంటుంది. తడి తగలగానే కరెంటు పారి దాని మైనస్ వైపు క్షారం పుడుతుంది, రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. లైటు వెలగనంతగా అరిగిపోయిన బిళ్లలోనూ ఈ పని చేసేంత చార్జి మిగిలే ఉంటుంది. వాంతి చేయించకూడదని, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలని మీ వాడకం సూచనల పుస్తకంలో ఒక్క ముక్క లేదు. స్క్రూతో బిగించే మూతున్న బ్యాటరీ పెట్టెలు ఇక్కడ రిచీ స్ట్రీట్‌లో చిల్లరగానే దొరుకుతాయి. కంపెనీ స్థాయిలో కొనే మీకు అది బరువు కాదు.

మనదేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల ఆటవస్తువులకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. కరెంటుతో, బ్యాటరీతో పనిచేసేవాటికి వర్తించే ప్రమాణం ఐఎస్ 15644. మీ డబ్బా మీద "ఆడుతూ నేర్చుకుందాం, 3+" అని ఉంది గానీ ఐఎస్‌ఐ గుర్తు లేదు, లైసెన్సు నంబరు లేదు. ఇది ఆటవస్తువు కాదు, వైద్య పరికరం అంటారా? అయితే ఆ రిజిస్ట్రేషన్ చూపించండి.

ఇక పుస్తకం. ఏడో పేజీలో ఇలా ఉంది: "పుస్తకం కంటికి 40 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. పిల్లలను దగ్గర పెట్టుకోనివ్వకండి. చూపు ఇంకా తగ్గుతుంది."

ఇది తప్పు. దగ్గర పెట్టుకుని చూడటం లో విజన్ పిల్లలకు చెడ్డ అలవాటు కాదు, వాళ్లకున్న మొదటి భూతద్దమే అది. 40 సెంటీమీటర్ల దూరంలోని అక్షరాన్ని 10 సెంటీమీటర్లకు తెస్తే కంటి లోపల దాని బొమ్మ నాలుగింతలవుతుంది. 10 సెంటీమీటర్ల దగ్గర స్పష్టంగా కనపడాలంటే కంటి కటకం 10 డయాప్టర్ల (కటకం శక్తిని కొలిచే ప్రమాణం) మేర సర్దుకోవాలి. నాలుగైదేళ్ల వయసులో మామూలుగా 12 నుంచి 14 డయాప్టర్ల దాకా సర్దుకోగల శక్తి ఉంటుంది. అందుకే చిన్నపిల్లలు పెద్దవాళ్లకు సాధ్యంకానంత దగ్గరగా పెట్టుకుని తేలిగ్గా చూస్తారు. దానివల్ల కంటికి దెబ్బ తగలదు. నొప్పి పుట్టేది మెడకి, నడుముకి. అందుకు మందు పుస్తకాన్ని దూరం జరపడం కాదు, ఏటవాలు స్టాండు మీద నిలబెట్టి మొహం ఎత్తుకు తేవడం. 6,490 రూపాయల కిట్‌లో ఆ స్టాండు ఒక్కటే లేదు.

ఈ మాటకి మినహాయింపులున్నాయి, పుస్తకంలో రాయాల్సింది అవే. పుట్టుకతో శుక్లాలు వచ్చి ఆపరేషన్ అయిన పిల్లలకు సొంత కటకం ఉండదు, లోపల లెన్సు పెట్టినా అది సర్దుకోదు. వాళ్లకు దగ్గరి చూపు కోసం డాక్టరు రాసిన అద్దాలు పెట్టాకే కార్డు చేతికివ్వాలి. డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లోనూ ఈ సర్దుబాటు శక్తి చాలామందికి తక్కువ. ఎవరికి ఎంత దూరం అన్నది లో విజన్ క్లినిక్‌లో తేలుతుంది. మీరేమో అందరికీ ఒకే 40 రాసి, ఆ దూరం తప్పితే కళ్లు పోతాయన్నట్టు భయపెట్టారు. అది చదివిన అమ్మమ్మా నాయనమ్మలు రోజంతా "దూరంగా పెట్టుకోరా" అని అరుస్తూనే ఉంటారు. పిల్లవాడు పుస్తకమే పక్కన పెట్టేస్తాడు.

తొమ్మిదో పేజీలో "తల పక్కకి వంచి చూస్తుంటే నిటారుగా సరిచేయండి" అన్నారు. నిస్టాగ్మస్ ఉన్న పిల్లల కళ్లు ఎప్పుడూ ఊగుతుంటాయి. తలను ఏదో ఒక పక్కకి తిప్పితే ఆ ఊపు బాగా తగ్గే కోణం చాలామందికి ఒకటుంటుంది. డాక్టర్లు దాన్ని నల్ పాయింట్ అంటారు. పిల్లలు దాన్ని ఎవరూ నేర్పకుండానే కనిపెట్టుకుంటారు. తల నిటారుగా చేస్తే కళ్ల ఊపు మళ్లీ పెరిగి అక్షరం మసకబారుతుంది. ఆ వాక్యం కూడా తీసేయాలి.

పుస్తకంలోని తెలుగు గురించి ఒక్కమాట. పేజీ మీద బోర్లించే గుండ్రటి భూతద్దాన్ని, ఇంగ్లీషులో డోమ్ అనేదాన్ని, "గోపురం" అన్నారు. "గోపురాన్ని పేజీపై ఉంచి బిడ్డను ఆనందపరచండి" అట. చెన్నైలో గోపురం అంటే కపాలీశ్వరుడి గుడే గుర్తొస్తుంది. అచ్చుకి ముందు తెలుగు వచ్చిన మనిషి ఎవరూ చదవలేదని తెలిసిపోతోంది.

కార్డుల దగ్గరికి వద్దాం. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం బళ్లో తమిళం తప్పనిసరి. ఇక్కడి తెలుగు పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరాలు ఇంట్లోనే రావాలి, కాబట్టి ఈ కార్డులే బడి. మీ తమిళ కిట్ కూడా మాలో ఇద్దరి దగ్గర ఉంది. రెండూ పక్కపక్కన పెడితే తప్పు ఎక్కడ జరిగిందో కళ్లకు కట్టినట్టు కనపడుతుంది. తమిళ కార్డు కోసం గీసిన 24 మిల్లీమీటర్ల గడిలోనే తెలుగు మాటని ఇరికించారు. తమిళంలో పొల్లు హల్లుకి నెత్తిన చుక్క పెడితే సరిపోతుంది, అక్షరాలన్నీ ఒకే వరసలో నడుస్తాయి. తెలుగులో వత్తు కిందికి దిగుతుంది, గుడి పైకి లేస్తుంది. అదే గడిలో రెండిటికీ చోటు కావాలంటే అక్షరం కుంచించుకుపోతుంది. తమిళ సెట్‌లో "అమ్మా" అన్న మాటలో అక్షరం 18 మిల్లీమీటర్లుంటే, తెలుగు "అమ్మ"లో మ 11 మిల్లీమీటర్లు, దాని కింది వత్తు 5 మిల్లీమీటర్లు.

5 మిల్లీమీటర్లు తక్కువా అంటారేమో. 6/60 చూపున్న పిల్లలకు, అంటే మామూలు చూపుకి 60 మీటర్ల నుంచి కనపడేది 6 మీటర్ల నుంచి మాత్రమే కనపడేవాళ్లకు, అక్షరం కంటి దగ్గర కనీసం 50 కోణీయ నిమిషాలు (డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం) ఆక్రమించాలి. 40 సెంటీమీటర్ల దూరంలో అది 5.8 మిల్లీమీటర్లు. అంటే మీ పుస్తకం పెట్టమన్న దూరంలో మీ కార్డు మీది వత్తు కనపడదు, పిల్లవాడికి అది "అమ" అవుతుంది. 10 సెంటీమీటర్ల దగ్గర కనీసం 1.5 మిల్లీమీటర్లు చాలు. కష్టపడకుండా చదవాలంటే దానికి రెండు మూడింతలు, అంటే 3 నుంచి 4.5 దాకా ఉండాలి. ఆ లెక్కన వత్తు బొటాబొటిగా గట్టెక్కుతుంది. మీరు వద్దన్న దూరంలోనే మీ కార్డు పనికొస్తోంది.

"పలక" కార్డు ఇంకో రకం. ప-కీ వ-కీ తేడా తలకట్టు దగ్గరుండే చిన్న సందు. మీరు వాడిన ఫాంటులో ఆ సందు 0.8 మిల్లీమీటర్లు. 6/60 చూపుకి 40 సెంటీమీటర్ల దూరంలో 1.2 మిల్లీమీటర్ల కన్నా సన్నటి సందు మూసుకుపోయినట్టే ఉంటుంది. కాబట్టి పలక వలక అవుతుంది. పిల్లవాడు తప్పు చదివాడనుకుంటారు. వాడు తనకు కనపడ్డదే చదివాడు.

ఉ కార్డు మీద ఉష్ట్రపక్షి వేసినవారెవరో మాకు చూడాలని ఉంది. ష కింద ట, దానికి తోడు ర. ఆ వత్తులు కొలిస్తే 3 మిల్లీమీటర్లు. ఉడత ఏం పాపం చేసింది? అల, ఆవు, ఇటుక, ఈగ, ఉడత, ఊయల, ఎలుక, ఏనుగు: వీటిలో ఒక్క వత్తూ లేదు. మొదటి వరస ఇలాంటి మాటలతో నడిపి, వత్తుల కార్డులు విడిగా ఇవ్వాలి. అందులో వత్తు 10 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, తలకట్టు సందు 2 మిల్లీమీటర్లన్నా ఉండాలి. అక్షరం వెనక పూలూ మబ్బులూ వద్దు. చ వరస మొత్తం తెల్ల కాగితం మీద పసుపు అక్షరాలతో అచ్చువేశారు, అది మామూలు చూపున్నవాళ్లకే చదవడం కష్టం. నలుపు చాలు. పైన మెరిసే లామినేషన్ వేయడంతో ట్యూబులైటు గీత అక్షరానికి అడ్డంగా పడుతోంది, కార్డు ఎటు తిప్పినా అది కదులుతుందే తప్ప పోదు. మ్యాట్ లామినేషన్ వేయించండి.

గుండ్రటి భూతద్దం డబ్బా మీద "6 రెట్లు" అని ఉంది. మిల్లీమీటర్ల గ్రాఫ్ కాగితం మీద పెట్టి, అద్దం లోపల కనపడే 10 గడులు బయటి ఎన్ని గడులతో సమానమో లెక్కపెట్టండి. మాకు 18 వచ్చింది. అంటే 1.8 రెట్లు. ఈ రకం గుండ్రటి అద్దం సాధారణంగా ఇచ్చేది అంతే, చిన్నపిల్లలకు మంచిదే కూడా: పేజీ మీద దానంతటదే నిలుస్తుంది, చుట్టుపక్కల వెలుతురును లోపలికి లాగుతుంది. నిజంగా 6 రెట్లుంటే ఒకసారికి ఒకటి రెండు అక్షరాలకు మించి కనపడవు. మంచి వస్తువుకి అబద్ధపు చీటీ ఎందుకు అంటించారో అర్థం కాదు. దానికో సంచీ ఇచ్చి, ఎండ పడే కిటికీ దగ్గర వదలొద్దని, మంట అంటుకోవచ్చని రాయండి.

లైటు బోర్డు ఆన్ చేసిన ప్రతిసారీ మినుకు మినుకు మోడ్‌లోనే మొదలవుతుంది. నిలకడ వెలుతురు రావాలంటే బటన్ నాలుగుసార్లు నొక్కాలి. ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి లెక్కపెడితే సెకనుకు 8 మెరుపులు. మెదడు కారణంగా చూపు తగ్గిన పిల్లల్లో, అంటే సెరిబ్రల్ విజువల్ ఇంపేర్‌మెంట్ ఉన్నవాళ్లలో, చాలామందికి ఫిట్స్ కూడా ఉంటాయి. ఇలా మెరిసే వెలుగు కొందరిలో ఫిట్స్ రప్పిస్తుంది. ఆల్బినిజం ఉన్న, అంటే ఒంట్లో, కంట్లో రంగు పదార్థం తక్కువగా ఉండే పిల్లలకు ఆ తెల్ల వెలుగే భరించరానిది, తగ్గించే మీట లేదు. మెరుపు మోడ్ పూర్తిగా తీసేసి, వెలుతురు తగ్గించుకునే మీట పెట్టండి.

కిట్‌లోని కళ్ల పరీక్ష చార్టు 3 మీటర్ల దూరానికట. ఆ దూరంలో 6/60 అక్షరం ఎత్తు 43.6 మిల్లీమీటర్లుండాలి. మీది 29. ఏ4 కాగితంలో పట్టించడానికి కుదించినట్టున్నారు. 6/60 చూపున్న పిల్లవాడు ఆ వరస చదవలేక, ఇంట్లోవాళ్లు చూపు ఇంకా పోయిందని హడలిపోతారు. చార్టు తీసేయండి, ఎలాగూ అది క్లినిక్‌లో జరగాల్సిన పని.

మేం అడుగుతున్నవి ఇవి. స్క్రూ మూత వచ్చేదాకా లైటు భూతద్దం అమ్మకం ఆపాలి, ఇప్పటికే కొన్నవాళ్లందరికీ బ్యాటరీ తీసేయమని ఫోనులో సందేశం పంపాలి. ఇది ఈ వారంలోనే జరగాలి. ఏడు, తొమ్మిది పేజీలు మార్చిన పుస్తకం పీడీఎఫ్‌గా కొన్నవాళ్లకు చేరాలి, లో విజన్ నిపుణులెవరితోనైనా చదివించాకే. పూందమల్లిలో కేంద్ర ప్రభుత్వ దృష్టిలోప సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది, సలహాకు దూరం వెళ్లనక్కర్లేదు. ఆరు కిట్ల డబ్బు 38,940 రూపాయలు వాపసు ఇవ్వాలి. తెలుగు కార్డులు మళ్లీ అచ్చువేస్తే నమూనా మాకు పంపండి, ఊరికే కొలిచి పెడతాం.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకుంటే 1915 హెల్ప్‌లైన్‌కు, ఆపైన చెన్నై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్లు ఉన్న ఊళ్లోనే కేసు వేయొచ్చు. సరైన వాడకం సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం అదే చట్టం 84వ సెక్షన్ కింద తయారీదారు బాధ్యత. వాపసు గడువు ఏడు రోజులన్న మీ నియమం దానికి అడ్డురాదు.

కిట్లు తీసుకెళ్లడానికి మనిషిని పంపేముందు ఒక రోజు ముందుగా చెప్పండి. బిళ్ల బ్యాటరీలు ఆరూ తీసేసి, రెండువైపులా టేపు అంటించి విడిగా సీసాలో వేసి ఉంచాం. అవి పార్సిల్‌లో పెట్టం, వచ్చిన మనిషి చేతికే ఇచ్చి సంతకం తీసుకుంటాం.

ఇట్లు,
ఆరు కుటుంబాల తల్లిదండ్రులు, చెన్నై

జతచేసినవి: బిల్లులు 6, కొలతల ఫొటోలు 22, లైటు బోర్డు వీడియో 1.