ఇంజెక్టర్ కడుపులోకి తొంగిచూసిన రాత్రి

శ్రీనూ,

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. ఆలస్యానికి కోప్పడకు. ఇందులో ఆరు రోజులు న్యూట్రాన్ బీమ్ దగ్గరే గడిచాయి, మిగతావన్నీ అక్కడ చూసింది అరిగించుకోవడానికి పట్టాయి. నువ్వడిగిన ప్రశ్న మాత్రం ఆ ఆరు రోజులూ నా వెంటే ఉంది. "ఇంతింత సూపర్‌కంప్యూటర్లు ఉండగా ఇంధనం ఎలా మండుతుందో లెక్క కట్టేయొచ్చు కదరా, మళ్లీ ఈ న్యూట్రాన్ ఫొటోల శ్రమంతా ఎందుకు?" అన్నావు.

ఏడాది కిందట అడిగుంటే నేనూ ఇంచుమించు అదే మాట అనేవాణ్ని. ఇప్పుడు అనలేను. తీరిక చేసుకుని చదువు, కాస్త పొడుగ్గానే రాస్తున్నా.

నేను లెక్క కట్టేది పెట్రోలును నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఇంజెక్టర్ అని నీకు తెలుసు. దాని కొసన, ఇంధనం దారిని తెరిచి మూసే సూది కింద, చిన్న గుంట ఉంటుంది. మేం దాన్ని శాక్ అంటాం. సూది లేవగానే ఇంధనం ఆ గుంటలోకి దూకి, గోడకున్న సన్నటి రంధ్రాల్లోంచి బయటికి చిమ్ముకొస్తుంది. గుంట వెడల్పు మిల్లీమీటరు అటూ ఇటూ, రంధ్రమేమో అందులో ఐదో వంతు. ఇంజిన్ కంబశ్చన్ నెట్‌వర్క్ అని ఒక కూటమి ఉంది. వేర్వేరు దేశాల ల్యాబులు ఒకే తరహా ఇంజెక్టర్ మీద, ఒకే పరిస్థితుల్లో కొలతలు తీసి పోల్చుకుంటాయి. పెట్రోలు వైపు వాళ్లు పెట్టుకున్న ప్రమాణం పేరు స్ప్రే జి: ఎనిమిది రంధ్రాలు, ఐసో-ఆక్టేన్ ఇంధనం, 200 బార్ల ఒత్తిడి. మాదీ ఆ తరహాదే. సూది తెరుచుకుని మూసుకునే తతంగమంతా ఒకటి రెండు మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది.

ఆ ఒకటి రెండు మిల్లీసెకన్లని లెక్క కట్టడానికి నాకు వారాలు పడుతుంది. రంధ్రం లోపలి చోటుని లెక్క కోసం మెష్ గళ్లుగా విడగొట్టాలి, ఆ గళ్లు కొన్ని మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) సైజులో ఉండాలి, కాలంలో ఒక్కో అడుగు నానోసెకన్లలో వేయాలి. ద్రవం, ఆవిరి రెండూ కలిసి పారుతుంటాయి. ఇదంతా ఇంకా మంట మొదలవక ముందు సంగతి. మంట దాకా వెళ్తే రసాయనం వచ్చి మీద పడుతుంది. సహజవాయువు ఒక్కదానికే అందరూ వాడే గ్రి-మెక్ 3.0 అనే రసాయన చర్యల పట్టికలో 53 పదార్థాలు, 325 చర్యలు ఉన్నాయి. పెట్రోలులో ఉండే పెద్ద అణువులకి పూర్తి వివరంగా రాస్తే పదార్థాలు వందల్లో, చర్యలు వేలల్లో ఉంటాయి. అందుకే ఎవరైనా ఎక్కడో ఒకచోట సర్దుకోక తప్పదు. అల్లకల్లోలంగా తిరిగే చిన్నచిన్న సుడుల్ని సగటు కడతాం, చుక్కలు ఎలా విరుగుతాయో ఒక సూత్రంలో ఇమిడ్చి, ఆ సూత్రంలో ఒక స్థిరాంకం పెడతాం. నా అసలు బాధ ఆ స్థిరాంకం దగ్గరే మొదలైంది.

బయటికొచ్చిన స్ప్రేని లేజర్లతో, హైస్పీడ్ కెమెరాలతో చక్కగా చూడొచ్చు. చిమ్మిన ఇంధనం ఏ క్షణానికి ఎంత దూరం పోయిందో గీత గీసి, మోడల్ గీసిన గీతని దాని పక్కన పెట్టి చూస్తాం. మొదట్లో నాది కుదరలేదు. మోడల్లో స్ప్రే కొంచెం ముందే బయల్దేరుతోంది. చుక్కలు విరిగే స్థిరాంకాన్ని అటూ ఇటూ జరిపాను, రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. మా గ్రూపులో అందరం సంతోషించాం. దాని మీద ఎనిమిది నెలల పని కట్టుకుంటూ పోయాను శ్రీనూ.

ఇంజెక్టర్ లోపల ఏం జరుగుతోందో మాత్రం ఎవరం చూడలేదు. చుట్టూ ఉక్కు.

ఇక్కడికొస్తుంది న్యూట్రాన్. ఎక్స్-రే పరమాణువులోని ఎలక్ట్రాన్లకి తగిలి ఆగుతుంది. అందుకే బరువైన లోహాల్లో చప్పున ఆరిపోతుంది, తేలికైన హైడ్రోజన్‌ని దాదాపు పట్టించుకోదు. న్యూట్రాన్‌కి విద్యుదావేశం లేదు. ఎలక్ట్రాన్ల మధ్యలోంచి దూసుకుపోయి నేరుగా కేంద్రకానికే తగులుతుంది. ఆ కేంద్రకం ఎంత పెద్ద అడ్డుగా నిలబడుతుందో బార్న్‌లలో కొలుస్తారు. నెమ్మదిగా వచ్చే న్యూట్రాన్‌ని చెదరగొట్టడంలో హైడ్రోజన్ 82 బార్న్‌లు, సీసం 11, అల్యూమినియం ఒకటిన్నర. అంటే అల్యూమినియం దానికి కిటికీ అద్దం లాంటిది. ఉక్కు అంత తేలిక కాదు గానీ, కొన్ని మిల్లీమీటర్ల మందమైతే దాటేస్తుంది. ఐసో-ఆక్టేన్ అణువులో 18 హైడ్రోజన్లున్నాయి, కాబట్టి లోహం లోపలి ఇంధనం చిక్కటి నీడలా కనిపిస్తుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త చాడ్విక్ న్యూట్రాన్‌ని కనుక్కున్నది 1932లో. జర్మనీలో కాల్‌మన్, కూన్ అనే ఇద్దరు ఆ దశాబ్దంలోనే దాంతో బొమ్మలు తీయడం మొదలుపెట్టారు. ఆ తొందర నాకు బాగా అర్థమవుతుంది.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. చాలామంది "న్యూట్రాన్లతో మంటని ఫొటో తీస్తారా?" అని అడుగుతారు. మామూలుగా తీయరు. మంట వాయువు, మరీ పలచన, న్యూట్రాన్‌కి అక్కడ తగలడానికి పెద్దగా ఏమీ ఉండదు. మాకు కావలసింది మంటకి ముందుండే ద్రవం. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ పనిచేస్తుండగా లోపలి సన్నటి కాలువల్లో నీళ్లు ఎక్కడ నిలిచిపోతున్నాయో చూడటానికి అమెరికాలో గైథర్స్‌బర్గ్‌లో ఉన్న నిస్ట్ (అక్కడి జాతీయ ప్రమాణాల సంస్థ) రియాక్టర్ పేరు పడింది. డీజిల్ ఫిల్టర్లలో మసి ఎక్కడ పేరుకుంటోందో అమెరికాలోనే ఓక్‌రిడ్జ్ జాతీయ ల్యాబులో చూశారు. స్విట్జర్లాండ్‌లో పాల్ షెరర్ సంస్థ, కల్పాక్కంలో 30 కిలోవాట్ల చిన్న కామిని రియాక్టర్, ఇలా న్యూట్రాన్ బొమ్మలు తీసే చోట్లు ఇంకా ఉన్నాయి.

మా ఆరు రోజుల సంగతికొస్తా. బీమ్ దారిలో అల్యూమినియం గది, అందులో ఇంజెక్టర్, వెనక డిటెక్టర్. నిప్పు లేదు, ఉత్తినే చిమ్మడమే. మొదటి రాత్రి బొమ్మ గంటగంటకీ మసకబారుతూ వచ్చింది. బీమ్ తగ్గిందేమోనని టెన్షన్ పడ్డాం. తీరా చూస్తే చిమ్మిన ఇంధనం గది గోడకి పలచటి పొరలా అంటుకుని న్యూట్రాన్లని తినేస్తోంది. గదిలోంచి వాయువుని ఇంకా గట్టిగా ఊదించేసరికి తేటపడింది. ఒక రాత్రంతా పోయింది, ఏం చేస్తాం.

నీకు లెక్కలిష్టం కాబట్టి ఇది చూడు. సెకనుకి చదరపు సెంటీమీటరుకి కోటి న్యూట్రాన్లు వస్తున్నాయనుకో. కోటి అంటే చాలా అనిపిస్తుంది. 50 మైక్రాన్ల పిక్సెల్ మీద పడేవి సెకనుకి 250. మనకి 20 మైక్రోసెకన్లకో బొమ్మ కావాలి. ఆ కాసేపట్లో ఒక పిక్సెల్‌కి దక్కేది న్యూట్రాన్‌లో 200వ వంతు! అంటే 200 సార్లు చిమ్మితే ఒక పిక్సెల్‌కి ఒక్క న్యూట్రాన్. బొమ్మలో చుక్కచుక్కలుగా కనిపించే గరుకుదనం మూడు శాతానికి తగ్గాలంటే పిక్సెల్‌కి వెయ్యి కావాలి, అంటే 2 లక్షల ఇంజెక్షన్లు. సెకనుకి 25 చొప్పున చిమ్మినా రెండు గంటల పైమాటే. ఉక్కు మింగేది, డిటెక్టర్ వదిలేసేది కలుపుకుంటే ఇంకా ఎక్కువ. అలా టకటకమని కొట్టుకుంటున్న ఇంజెక్టర్ చప్పుడు వింటూ, నీళ్లలోంచి పైకి తేలుతున్నట్టు బొమ్మ మెల్లగా తేలడం చూస్తూ కూర్చున్నాం.

మూడో రాత్రి రెండు దాటాక గుంట స్పష్టంగా కనిపించింది. సూది మూసుకునేదాకా నల్లగా, నిండుగా ఉంది. మూసుకున్నాక వరుస బొమ్మల్లో అడుగు నుంచి తెల్లబడుతూ పోయింది. తర్వాతి ఇంజెక్షన్ మొదలయ్యే వేళకి అందులో సగానికి పైగా ఖాళీ.

నా మోడల్లో ఆ గుంట నిండుగా ఉంటుంది. మొదలుపెట్టేటప్పుడు నేనే నింపాను. ఎప్పుడో ఎవరో రాసిన ఇన్‌పుట్ ఫైల్లో ఒక్క వరుస అది, నేను మార్చనైనా మార్చలేదు. నిజంలో ఇంధనం ముందు ఖాళీ గుంటని నింపుకుని ఆ తర్వాతే బయటపడుతుంది, అందుకే ఆలస్యం. ఆ ఆలస్యాన్ని నేను చుక్కలు విరిగే స్థిరాంకంతో సరిపెట్టాను. గీత కుదిరింది, కారణం తప్పు. కుర్చీలోంచి కాసేపు లేవలేకపోయాను రా.

అంత చిన్న గుంటకి ఇంత బాధెందుకు అనుకోవద్దు. సూది మూసుకున్నాక గుంటలోంచి ఒత్తిడి లేకుండా కారే ఇంధనం ఇంజెక్టర్ కొనని తడుపుతుంది. ఆ తడి గాలితో సరిగ్గా కలవకుండా మండి మసి చేస్తుంది. పెట్రోలు ఇంజిన్ల నుంచి వచ్చే సన్నటి రేణువులకి ఇదొక ముఖ్య కారణం. నిండు గుంటతో నేను వేసిన మసి అంచనాలన్నీ ఇప్పుడు మళ్లీ వేయాలి.

అలాగని బొమ్మ చెప్పిందల్లా వేదం అనీ అనను. అది లక్షల ఇంజెక్షన్ల సగటు. "సగం ఖాళీ" అంటే ప్రతిసారీ సగం ఖాళీ అయిందా, సగం సార్లు పూర్తిగా ఖాళీ అయిందా? ఆ బొమ్మ చెప్పలేదు. అందుకే పని పద్ధతి మార్చాను. బొమ్మలోంచి ఇంధనం మందం వెనక్కి లాగే బదులు, నా సిమ్యులేషన్‌లోంచే దొంగ న్యూట్రాన్ బొమ్మ తీస్తున్నాను. ఎంత మందంలో ఎన్ని ఆగుతాయో లెక్కేసి, డిటెక్టర్ మసకా గరుకుదనం కలిపి, వేర్వేరు ఆరంభాలతో చేసిన రన్లన్నీ సగటు చేసి, అప్పుడు అసలు బొమ్మ పక్కన పెడుతున్నాను. స్థిరాంకాన్ని పాత విలువకే తెచ్చేశాను. గుంట సగం ఖాళీతో మొదలుపెడితే గీత ముట్టుకోకుండానే చాలావరకు దగ్గరికొచ్చింది. పూర్తిగా కాదు. మిగిలిన తేడాని ఈసారి సర్దెయ్యను, అలాగే రాసి ఉంచుతాను.

ఇంజెక్టర్‌ని మాత్రం వెంటనే తెచ్చుకోనివ్వలేదు. బీమ్‌లో ఉన్నవి కాస్త రేడియోధార్మికమవుతాయి. అల్యూమినియం రెండు మూడు నిమిషాలకి సగం చొప్పున తగ్గిపోతుంది గానీ, ఉక్కులోని మాంగనీసుకి రెండున్నర గంటలు పైనే పడుతుంది. మీటరు సరే అనేదాకా షెల్ఫ్ మీద ఉంచి, మర్నాడు కొలిపించి తెచ్చుకున్నాం.

ఇప్పుడు నీతో పని. డిటెక్టర్ ప్రతి న్యూట్రాన్ తగిలిన చోటుని, క్షణాన్ని, ఎన్నో ఇంజెక్షనో కూడా రాసిపెట్టింది. ఇందాకటి లెక్కే గుంట మొత్తానికి వేసి చూడు: చదరపు మిల్లీమీటరంటే 400 పిక్సెళ్లు, అంటే 20 మైక్రోసెకన్లలో ఇంజెక్షన్‌కి దాదాపు రెండు న్యూట్రాన్లు. ప్రతి ఇంజెక్షన్‌కీ పైపులో ఒత్తిడి విడిగా రికార్డయింది. ఆ ఒత్తిడిని బట్టి ఇంజెక్షన్లని గుంపులు చేసి, గుంపుకో బొమ్మ తీస్తే, గుంట ప్రతిసారీ సగం ఖాళీ అవుతోందా, కొన్నిసార్లే పూర్తిగా అవుతోందా అన్నది తేలుతుందా? ఎన్ని గుంపులదాకా చేయొచ్చు? స్టాటిస్టిక్స్ నీ రోజువారీ పని, నాకు ఇక్కడ చెయ్యి ఆడటం లేదు. డేటాలో ఒక ముక్క విడిగా పంపుతున్నాను, మూడో రాత్రిది. చూసి రాయి.

నీ
మాధవ్