ఖాళీ తూటా గుల్లల బేరం గురించి

నల్లగొండ

ప్రియమైన శేఖర్‌కు,

ఇక్కడ అందరం క్షేమం. మహబూబ్‌నగర్‌లో నీ దుకాణానికి ఎవరో గోనెడు ఖాళీ తూటా గుల్లలు తెస్తామన్నారనీ, ఇత్తడి ధరకు తీసుకోవచ్చా అనీ అడిగావు. సరుకు మాటకొస్తే, ఇంత ఏకరీతి ఇత్తడి నీ కాంటా మీదికి తరచుగా రాదు. పాత కుళాయిల్లో సీసం కలిసి ఉంటుంది, బిందెలకు మాట్లు పడి ఉంటాయి. గుల్లలో మాత్రం నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. చిన్న బిళ్లను మధ్యమధ్య కాల్చి మెత్తబరుస్తూ, విడతలవారీగా గొట్టంలా సాగదీయాలంటే అంతగా సాగే లోహమే కావాలి మరి. అయినా అయస్కాంతం పెట్టి చూడు, కొన్ని పైకి ఇత్తడి రంగులో ఉన్నా లోపల ఉక్కే.

నా భయమంతా వాటిలో కలిసిపోయిన పేలని తూటా గురించే. అడుగున నడిమధ్య ఉండే, లోపలి మందును అంటించే చిన్న క్యాపు మీద తుపాకీ సూది గుద్దిన గుంట కనబడితే పేలిపోయిందని చాలామంది అనుకుంటారు గానీ, గుంట పడి కూడా పేలనివి ఉంటాయి. గుంటా ఉండాలి, మూతీ తెరిచి ఉండాలి, లోపలికి చూస్తే మందు కనబడకూడదు. మనం ఎన్‌సీసీలో కాల్చిన .22 తూటాకైతే ఆ క్యాపే ఉండదు, సూది దెబ్బ అంచు మీద పడుతుంది. అనుమానం వచ్చినదాన్ని కొట్టకు, విప్పకు. పక్కన పెట్టి పోలీసులకు చెప్పు. 2004లో ఘాజియాబాద్ దగ్గర ఒక ఉక్కు కర్మాగారంలో, దిగుమతైన తుక్కులో వచ్చిన రాకెట్ గుండ్లు పేలి కూలీలు చనిపోయారు.

ఎన్‌సీసీ అంటే గుర్తొచ్చింది, కాల్చడం అయ్యాక ఎండలో వంగి గడ్డిలో గుల్లలన్నీ ఏరి, లెక్క సరిపోయేదాకా మనల్ని కదలనిచ్చేవారు కాదు కదా! అంత లెక్క ఉండే సరుకు గోనెడు బయటికి వచ్చిందంటే, దాని వెనుక వేలం కాగితమైనా ఉండాలి, లేదా అది దొంగసొత్తైనా కావాలి. పైగా 1959 నాటి ఆయుధాల చట్టం తూటాల నిర్వచనంలో వాటి భాగాలనూ చేర్చింది కనుక, ఇత్తడే కదా అని వాదించి గెలవడం కష్టం.

నువ్వే కరిగించి దిమ్మలు పోద్దామనుకుంటే, ఆ ఆలోచన మానుకో. ఈ ఇత్తడి పూర్తిగా కరగాలంటే 950 డిగ్రీలు దాటాలి, జింకేమో 907 డిగ్రీలకే మరిగి తెల్లటి పొగగా లేస్తుంది; ఆ పొగ పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరం ఖాయం. గుల్లలో తడి మిగిలితే కరిగిన లోహం ఎగిరి మీద పడుతుంది. చాలా రకాల తూటాల క్యాపు మందులో సీసం ఉంటుంది గనుక ఆ మసి ఇంట్లో రాలకుండా, ఏరే పని దుకాణం బయటే పెట్టుకో, చేతులు కడుక్కోకుండా అన్నానికి కూర్చోకు.

కాగితం రేపిస్తాం, మాపిస్తాం అంటే బేరం వదిలెయ్యి. సరైన కాగితమే తెస్తే నకలు తీసుకుని నాకు ఫోన్ చెయ్యి, ఆదివారం నేనూ వచ్చి ఏరిపెడతాను. వదినకు నమస్కారాలు చెప్పు.

నీ
రమేశ్