ఓడిన జట్టు పేరు కూడా అచ్చు వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికా కళాశాలల పురుషుల బాస్కెట్‌బాల్ పోటీల గురించి మీ క్రీడా పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. క్రికెట్ తప్ప మరో ఆటకు అర పేజీ దొరకడమే అరుదు కాబట్టి ముందుగా మీకు ధన్యవాదాలు. అయితే ఆ వ్యాసం వర్జీనియా విశ్వవిద్యాలయ జట్టును ‘2019 విజేత’ అన్న ఒక్క మాటతో సరిపెట్టింది. సీజన్ ముగిశాక జరిగే పోటీల్లో ఆ జట్టు ప్రయాణం తెలిసిన వారికి ఆ మాట సగం చరిత్రగానే కనిపిస్తుంది. రెండో సగం ఓటములది. మన జిల్లా పేజీల్లో కళాశాలల ఆటల వార్తలు రాసే పద్ధతిలోనూ ఇదే లోపం ఉన్నదని నా అభిప్రాయం కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

అక్కడ లీగ్ మ్యాచ్‌లు ముగిశాక మార్చిలో, కళాశాలల క్రీడలను నడిపే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ పేరుతో జరిగే టోర్నీ మొదలవుతుంది. 1939లో 8 జట్లతో ప్రారంభమైన ఈ పోటీ 1985లో 64 జట్లకు, 2011లో 68 జట్లకు పెరిగింది. జట్లను నాలుగు ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో ప్రాంతంలో బలాన్ని బట్టి 1 నుంచి 16 వరకు సీడింగ్ ఇస్తారు; 1వ సీడు అంటే అన్నిటికంటే బలమైన జట్టు. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటిదారి పట్టవలసిందే. దీనికంటే ఒక ఏడాది ముందే, 1938లో, మొదలైన ఎన్‌ఐటీ అనే మరో పోటీ ఇప్పుడు ప్రధాన టోర్నీలో చోటు దక్కని జట్లకు మిగిలింది.

వర్జీనియాకు తొలి వెలుగు 1976లో వచ్చింది. తమ లీగ్ అయిన ఏసీసీ టోర్నీలో ఆరో సీడుగా దిగి, ఫైనల్లో నార్త్ కరోలినాను ఓడించి కప్పు గెలిచింది. తర్వాత వచ్చినవాడు రాల్ఫ్ శాంప్సన్. 7 అడుగుల 4 అంగుళాల ఆ ఆటగాడు 1979 నుంచి 1983 వరకు అక్కడ ఆడి, వరుసగా మూడేళ్లు దేశంలోని ఉత్తమ కళాశాల ఆటగాడిగా ఎంపికయ్యాడు. అంతటివాడు ఉండగా చేతికి వచ్చింది 1980 నాటి ఎన్‌ఐటీ కప్పు ఒక్కటే. 1981లో జాతీయ సెమీఫైనల్లో నార్త్ కరోలినా చేతిలో, 1982లో అంతకంటే ముందు దశలోనే అలబామా-బర్మింగ్‌హామ్ చేతిలో ఓడారు. 1983లో ప్రాంతీయ ఫైనల్లో నార్త్ కరోలినా స్టేట్ చేతిలో 63-62తో, ఒక్క పాయింటు తేడాతో ఓడిపోగా, ఆ నార్త్ కరోలినా స్టేట్ జట్టే ఆ ఏడాది విజేతగా నిలిచింది. శాంప్సన్ చదువు ముగించి వెళ్లిపోయాక, మరుసటి ఏడాది, అతడు లేని జట్టు మళ్లీ సెమీఫైనల్ దాకా వెళ్లి, అదనపు సమయంలో హ్యూస్టన్ చేతిలో 49-47తో ఓడింది. అసాధారణమైన ఆటగాడు ఉన్న నాలుగేళ్లలో ఒకసారి, అతడు వెళ్లిన ఏడాదే మరోసారి అదే మెట్టు ఎక్కారన్న మాట. విజేతల జాబితా మాత్రమే చూసేవారికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

1992లో మరో ఎన్‌ఐటీ కప్పు దక్కింది గాని, ఆ తర్వాతి కాలంలో చెప్పుకోదగినది తక్కువ. 2009లో టోనీ బెన్నెట్ కోచ్‌గా వచ్చి జట్టును మళ్లీ నిలబెట్టాడు. ఆయనది డిఫెన్స్‌ను నమ్ముకున్న నింపాది ఆట. ఎదుటి జట్టుకు సులువైన షాటు దొరకనివ్వరు, తమ చేతికి బంతి వస్తే తొందరపడరు. 2014లో ఏసీసీ టోర్నీ గెలిచారు. 1976 తర్వాత మళ్లీ అప్పుడే. 2018లో 31 మ్యాచ్‌లు గెలిచి, కేవలం రెండు ఓడి, దేశంలోనే అగ్రస్థానంతో టోర్నీలోకి వచ్చారు. మార్చి 16న షార్లెట్ నగరంలో 16వ సీడు జట్టు యూఎంబీసీతో, అంటే మేరీలాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ శాఖతో, తలపడ్డారు. పురుషుల టోర్నీలో అప్పటివరకు 1వ సీడు జట్లకూ 16వ సీడు జట్లకూ జరిగిన 135 మ్యాచ్‌లలో ప్రతి ఒక్కటీ 1వ సీడే గెలిచింది. సగం ఆట ముగిసేసరికి స్కోరు 21-21. రెండో సగంలో యూఎంబీసీ 53 పాయింట్లు చేయగా వర్జీనియా 33 దగ్గర ఆగిపోయింది. చివరికి 74-54.

మణికట్టు ఎముక విరగడంతో డీఆండ్రే హంటర్ ఆ మ్యాచ్ ఆడలేదన్నది నిజమే గాని, 20 పాయింట్ల తేడాకు ఆ ఒక్క కారణం చాలదు. కళాశాల పిల్లలకు ఏళ్ల తరబడి ఈ ఆట నేర్పినవాడిగా నాకు కనిపించే కారణం వేరు. నింపాదిగా ఆడే జట్టు మ్యాచ్ మొత్తంలో తీసుకునే షాట్లు తక్కువ కాబట్టి ముందంజలో ఉన్నంతసేపూ ఆ పద్ధతి కోటగోడలా కాపాడుతుంది. ఒక్కసారి వెనకబడితే మాత్రం కోలుకోవడానికి కావలసినన్ని అవకాశాలను ఆ పద్ధతే మింగేస్తుంది. పైగా అలవాటు లేని వేగంతో ఆడబోయి పిల్లలు మరింత తడబడతారు. మన సిమెంటు కోర్టుల మీద కూడా ఇది అనేకసార్లు చూసినదే.

మరుసటి ఏడాది బెన్నెట్ తన పద్ధతిని విడిచిపెట్టలేదు. 2019 టోర్నీలో మళ్లీ 1వ సీడుగా వచ్చి, తొలి మ్యాచ్‌లోనే 16వ సీడు గార్డ్‌నర్-వెబ్ చేతిలో మొదటి సగంలో 14 పాయింట్లు వెనకబడ్డారు. అప్పుడు చూస్తున్నవారికి ఏమి గుర్తుకు వచ్చి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. అయినా 71-56తో బయటపడ్డారు. ప్రాంతీయ ఫైనల్లో పర్‌డ్యూ మీద చివరి క్షణాల్లో ఫ్రీత్రో, అంటే ఫౌల్‌కు బదులుగా ఇచ్చే అడ్డులేని షాటు, తప్పి, బంతి వెనక్కి ఎగిరి తమ సగంలోకి దొర్లిపోతే, మొదటి ఏడాది కుర్రాడు కిహీ క్లార్క్ పరుగెత్తి పట్టుకుని, దూరాన ఉన్న మమాడీ డియాకిటేకు పాస్ ఇచ్చాడు. సమయం ముగిసే లోపు డియాకిటే వేసిన షాటుతో స్కోరు సమమై, అదనపు సమయంలో 80-75తో గెలిచారు. సెమీఫైనల్లో ఆబర్న్ మీద 0.6 సెకన్లు మిగిలి ఉండగా కైల్ గై మూడు ఫ్రీత్రోలూ వేసి 63-62 చేశాడు. అంతకు కొద్ది క్షణాల ముందు వర్జీనియా ఆటగాడు చేసిన డబుల్ డ్రిబుల్‌కు, అంటే బంతిని ఒకసారి పట్టుకున్నాక మళ్లీ నేలకు కొడుతూ ఆడిన తప్పుకు, రిఫరీలు విజిల్ వేయలేదని ఆబర్న్ అభిమానుల ఫిర్యాదు; వారి బాధలో న్యాయం లేకపోలేదు. ఫైనల్లో టెక్సస్ టెక్ మీద అదనపు సమయంలో 85-77. అందులో 27 పాయింట్లు, క్రితం ఏడాది కట్టుతో కూర్చున్న ఆ హంటర్‌వే. మన రాష్ట్రంలో పోలింగ్‌కు రెండు రోజుల ముందు, ఏప్రిల్ 9 ఉదయం మనకు ఆ ఫలితం తెలిసింది. అమెరికాలో పిల్లలు లేని వీధి మన డెల్టాలో తక్కువే అయినా, ఆ ఉదయం ఎవరి ధ్యాస వారిదే.

కథ అక్కడ ఆగలేదు. 2023లో 13వ సీడు ఫర్మన్ మీద ముందంజలో ఉండి, చివరి సెకన్లలో ఒత్తిడిలో విసిరిన ఒక పాస్ ఎదుటివారి చేతిలో పడగా, వారు మూడు పాయింట్ల షాటుతో 68-67గా గెలిచారు. ఆ పాస్ విసిరినవాడు కిహీ క్లార్కే. 2019 నాటి పాస్‌నూ 2023 నాటి పాస్‌నూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే ఆ కుర్రాడి ఆట మనకు పూర్తిగా అర్థమవుతుంది. 2024 అక్టోబరులో బెన్నెట్ తప్పుకున్నాడు. 2025 మార్చిలో వర్జీనియా కొత్త కోచ్‌గా తెచ్చుకున్న ర్యాన్ ఓడమ్, 2018లో తమను ఓడించిన యూఎంబీసీ జట్టుకు కోచ్. ఓటమిని దాచుకునే సంస్థ ఆ పని చేయదు.

ఇక మన సంగతి. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడక ముందు గోదావరి జిల్లాల కళాశాలలు ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలో ఆడేవి. అప్పుడైనా ఇప్పుడైనా అంతర కళాశాల పోటీల్లో బాగా ఆడిన పిల్లలను ఎంపిక చేసి విశ్వవిద్యాలయ జట్టు కడతారు. దక్షిణ మండల పోటీలకు వెళ్లేది ఆ జట్టే. అందువల్ల ఒక కళాశాల జట్టు తన పేరుతో ఆడే చివరి మ్యాచ్ అంతర కళాశాల ఫైనలే. ఆ మ్యాచ్ వార్త మన పత్రికల్లో ఎలా వస్తున్నది? ముఖ్య అతిథి పేరు, హోదా, శాలువా కప్పిన వారి వరుస, క్రీడలు మానసికోల్లాసానికి దోహదపడతాయన్న ప్రసంగం, కప్పుతో ఒక ఫొటో. స్కోరు ఉండదు. రన్నరప్ పేరు కొన్నిసార్లు అసలే ఉండదు.

స్కోరు లేక కాదు. బాస్కెట్‌బాల్ స్కోరు షీటు చూసినవారికి తెలుసు: మొదటి, మూడో క్వార్టర్ల పాయింట్లు ఎర్ర సిరాతో, మిగిలిన రెండూ నీలం లేదా నల్ల సిరాతో, ఏ నంబరు ఆటగాడు ఎప్పుడు వేశాడో, ఎవరికి ఎన్ని ఫౌల్స్ అయ్యాయో వరుసగా నమోదవుతాయి. నిర్వాహకులకు ఒక ప్రతి పోగా, గెలిచిన జట్టుతో పాటు ఓడిన జట్టుకూ ఒక నకలు ఇవ్వాలన్నది నియమం. నేను పనిచేసిన చోట ఆ కాగితాలు స్పోర్ట్స్ గది బీరువాలో పడి, కొన్ని చెమ్మకు, కొన్ని చెదకు పోయాయి. ఎర్ర అంకెలు చెరిగిపోయి నల్లవి మాత్రం మిగిలిన షీట్లు చూశాను. సగం మ్యాచ్ ఉన్నది, సగం లేదు.

కనుక నా కోరిక చిన్నది. మన జిల్లాల్లో జరిగే అంతర కళాశాల పోటీల ఫైనల్, సెమీఫైనల్ మ్యాచ్‌లకు క్వార్టర్ల వారీ స్కోరు, రెండు జట్ల పేర్లు, రెండు జట్ల శిక్షకుల పేర్లు ప్రచురించండి. నాలుగు పంక్తులకు మించదు. చోటు చాలకపోతే మానసికోల్లాసం వాక్యాన్ని తీసేయవచ్చు. పాఠకులకు అది కంఠస్థమే. వివరాలు మీ విలేకరికి అందకపోతే, స్కోరర్ బల్ల దగ్గర షీటును ఫోన్‌తో ఫొటో తీసి పంపమని వ్యాయామ అధ్యాపకులను అడగండి. మా పాత మిత్రుల దగ్గర మిగిలిన షీట్లు కొన్ని ఉన్నాయి. వాటిలో మేము ఓడినవే ఎక్కువ. మీరు అడిగితే వాటి నకళ్లు పంపడానికి అభ్యంతరం లేదు.

భవదీయుడు,
విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా.