డెవాన్ వీధిలో మంగళగిరికి పేరు లేదు: చేనేత శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ చేనేత, జౌళి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మేం ఇల్లినాయ్ రాష్ట్రంలో బ్లూమింగ్టన్ అనే ఊళ్లో ఉంటున్నాం. ఇన్సూరెన్స్ కంపెనీల్లో ఐటీ పనుల వల్ల ఇక్కడ తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. అసలు విషయం ముందే చెప్పేస్తాను. మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ అనే పేర్లను అమెరికా ట్రేడ్‌మార్క్ ఆఫీసులో మన ప్రభుత్వం తరఫున సర్టిఫికేషన్ మార్కులుగా, అంటే ప్రమాణాలకు తగిన సరుకు మీదే ఆ పేరు వాడనిచ్చే గుర్తులుగా, రిజిస్టర్ చేయించండి. ఆ పని ఇప్పటికే మొదలై ఉంటే ఎంతవరకు వచ్చిందో మాకు చెప్పండి. ఓ శనివారం చికాగోలోని డెవాన్ అవెన్యూకి వెళ్లొచ్చాక ఈ లేఖ రాయాలనిపించింది కాబట్టి, ముందు ఆ వీధి సంగతి చెప్పాలి.

మన మంత్రులు, ఎమ్మెల్యేలు చికాగో వస్తే పెట్టుబడుల మీటింగ్ జరిగే హోటల్, అరోరా బాలాజీ గుడి, తెలుగు సంఘం వాళ్లు పెట్టే విందు చూసుకుని వెళ్తుంటారు. డెవాన్ వైపు వచ్చేది తక్కువ. నగరానికి ఉత్తరాన, వెస్ట్ రిడ్జ్ అనే పేటలో ఉంటుందది. మెట్రో రైలు అక్కడి దాకా రాదు. రెడ్ లైన్‌లో లొయోలా స్టేషన్ దగ్గర దిగి 155 నంబరు బస్సెక్కాలి. మాలాగా బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు కార్లో రెండున్నర గంటలు నడిపి, ఆ తర్వాత పార్కింగ్ కోసం ఇంకాసేపు చుట్టూ తిరుగుతారు.

ఒకప్పుడది ఎక్కువగా యూదుల పేట. 1965లో అమెరికా వలస చట్టం మారాక మనవాళ్లు రావడం పెరిగింది. 1970ల మొదట్లో చీరల కొట్లు, పచారీ కొట్లు తెరుచుకున్నాయి. ఇవాళ దేశమంతా యాభైకి పైగా స్టోర్లున్న పటేల్ బ్రదర్స్ 1974లో ఈ వీధిలోనే ఒక చిన్న కొట్టుగా మొదలైంది. వీధి స్తంభాలకు గౌరవ నామాల బోర్డులుంటాయి. కొంత దూరం గాంధీ మార్గ్, కొంత దూరం జిన్నా వే, ఇంకో చోట బంగ్లాదేశ్ నాయకుడు షేక్ ముజీబ్ పేరు, మరో చోట ఇజ్రాయెల్ ప్రధానిగా చేసిన గోల్డా మేయర్ పేరు. ఇన్ని దేశాల నాయకులు ఒకే వీధిలో ఎవరి ముక్క వారు పంచుకుని ప్రశాంతంగా ఉండటం ఇంకెక్కడా చూడలేదు నేను. పేవ్‌మెంట్ మీద నడుస్తుంటే గుజరాతీ, పంజాబీ, బెంగాలీ వినిపిస్తాయి. వాటి మధ్యలో ఒక్కసారిగా 'నక్కో', 'హౌ' అంటూ అచ్చమైన హైదరాబాదీ ఉర్దూ చెవిన పడుతుంది. పాతబస్తీ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు అక్కడ చాలామంది. బిర్యానీ హోటళ్ల సంగతి మొదలుపెడితే ఈ లేఖ దారి తప్పుతుంది, వదిలేస్తున్నాను.

ఇప్పుడు ప్రతి ఊళ్లో ఇండియన్ స్టోర్ ఉంది. మా బ్లూమింగ్టన్‌లోనే గోంగూర, దొండకాయలు దొరుకుతాయి. కందిపప్పు కోసం డెవాన్ దాకా వెళ్లే రోజులు పోయాయి. అయినా జనం ఎందుకొస్తారంటే చీరల కోసం, బంగారం కోసం. బట్ట చేత్తో పట్టుకుని చూడాలి, అద్దం ముందు భుజం మీద వేసుకోవాలి, పక్కనున్నవాళ్లు బాగుందనో బాగాలేదనో అనాలి. ఫోన్లో ఇవన్నీ కుదరవు.

ఆ రోజు మా అత్తగారిని తీసుకుని వెళ్లాం. విజిటర్ వీసా మీద వచ్చారు ఆవిడ. పుట్టిల్లు మంగళగిరి. ఇంట్లో గుంట మగ్గం ఉండేది, చిన్నప్పుడు ఆసు పోసిన చేతులు. ఒక పెద్ద షాపులో అడుగుపెట్టగానే ఆవిడ కాటన్ చీరల అర దగ్గర ఆగిపోయారు. ముదురు ఆకుపచ్చ చీర, జరీ అంచు. విప్పి వెలుతురుకి పట్టారు. ఒంటి మీద బుటా గిటా ఏమీ లేదు, బిగువైన నేత. అంచులో వరసగా గోపురాల్లా నిజాం బోర్డరు. అంచు చివర పొడవునా సూదితో గుచ్చినట్టు సన్నటి చిల్లులు. మగ్గం మీద బట్ట ముడుచుకుపోకుండా సాగదీసి ఉంచే కర్రకు ముళ్లుంటాయని, ఆ చిల్లులు వాటివేనని చెప్పారు. "ఇది మనదేనమ్మా, మగ్గం మీద దిగిందే" అన్నారు. టికెట్ చూస్తే 'సౌత్ కాటన్ ప్లెయిన్, 60 డాలర్లు' అని ఉంది.

రెండు అరల అవతల అద్దాల బీరువాలో లైటు కింద ఇంకో చీర. టికెట్ మీద 'పోచంపల్లి', 140 డాలర్లు. అత్తగారు దాన్ని తిరగేసి చూసి మడత పెట్టేశారు. పోచంపల్లిది ఇక్కత్ నేత. అందులో నూలుకి ముందే చిటికి కట్టి (అక్కడక్కడ ముడి బిగించి) రంగులద్దుతారు, ఆ తర్వాత నేస్తారు. కాబట్టి డిజైను రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. ఈ చీరకి వెనకవైపు రంగు వెలిసిపోయినట్టుంది. మీద అచ్చు వేసిన బట్ట అది.

నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇదే, మంత్రి గారూ. నిజమైన చీరకి పేరు లేదు. పేరున్న చీర నిజం కాదు.

షాపాయన్ని అడిగాను. ఆయన మోసగాడని నేను అనను. ముంబై, సూరత్ హోల్‌సేల్ వాళ్ల దగ్గర లాట్లుగా కొంటాడు. కట్ట మీద ఏం రాసి వస్తే టికెట్ మీద అదే రాస్తాడు. "పోచంపల్లి అని అడిగేవాళ్లున్నారు, అందుకే ఆ పేరుతో సరుకొస్తుంది. మంగళగిరి అని అడిగింది మీరొక్కరే" అన్నాడు. ఆ మాట చురుక్కుమంది. చేత్తో నేసింది కాకుండా పవర్‌లూమ్ మీద నేసింది అమ్మితే ఎవరైనా పట్టుకుంటారా అంటే నవ్వాడు. అమెరికా చట్టం ప్రకారం బట్టల లేబుల్ మీద ఏ నూలు ఎంత శాతమో, ఏ దేశంలో తయారైందో రాయాలి. పాలిస్టర్‌ని పట్టు అంటే తప్పు. కానీ కాటన్‌ని కాటన్ అని, ఇండియాలో తయారైందని రాస్తే చాలు. దాన్ని మనిషి నేశాడా, కరెంటు నేసిందా, ఆ లేబుల్‌కి పట్టదు.

మీ శాఖ అధికారులు దీనికి ఏం జవాబిస్తారో ఊహించగలను. ఉప్పాడ జాందానీకి 2009లోనే జీఐ (ఊరి పేరుతో ఉన్న సరుకుకి ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, మంగళగిరికీ వెంకటగిరికీ ఉంది, చేత్తో నేసిన బట్టకి కేంద్రం 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్క్ ఇస్తోంది, ఇంకేం కావాలి అంటారు. జీఐ మన దేశం 1999లో చేసుకున్న చట్టం. దాని చెయ్యి మన సరిహద్దు దాకానే. అమెరికాలో దానికి ప్రత్యేకమైన చట్టం లేదు, అలాంటి ఊరి పేర్లను ఇక్కడ ట్రేడ్‌మార్క్ చట్టం కిందే కాపాడుకోవాలి. దానికి పెట్టిన దారే సర్టిఫికేషన్ మార్క్. మన టీ బోర్డు ఎప్పుడో మేలుకుని డార్జిలింగ్ టీకి ఇక్కడ ఈ మార్క్ తీసుకుంది. టీకి చేయగలిగింది చీరకి చేయలేకపోవడానికి కారణం కనబడదు.

బట్టల్లోనే ఒక ఉదాహరణ ఉంది. స్కాట్లండ్ దీవుల్లో నేసే హారిస్ ట్వీడ్. ఆ ఉన్ని బట్టని దీవివాసులు తమ ఇళ్లలోనే, మోటారు లేకుండా కాళ్లతో తొక్కే మగ్గాల మీద నెయ్యాలి. 1993లో బ్రిటిష్ పార్లమెంటు దానికోసమే ఒక చట్టం చేసింది. తనిఖీ చేసి, బట్ట మీద గోళం, శిలువ ఉన్న ముద్ర వేస్తే తప్ప ఆ పేరుతో అమ్మకూడదు. అమెరికాలో కోటు కొనేవాడు లోపలి లేబుల్ చూసి ఎక్కువ డబ్బు ఇస్తాడు. ఇంట్లో మగ్గం, కుటుంబమంతా పని, ఊరి పేరే బట్ట పేరు. మంగళగిరికీ దానికీ తేడా అంతా ఆ ముద్రలోనే ఉంది.

ఇందులో ఒక మెలిక ఉంది, ముందే చెప్పడం మంచిది. అమెరికా చట్టం ప్రకారం సర్టిఫికేషన్ మార్క్ యజమాని ఆ సరుకుని తాను తయారు చెయ్యకూడదు, అమ్మకూడదు. చేస్తే మార్క్ రద్దు చేయమని ఎవరైనా అడగొచ్చు. అంటే రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో పేరు మీద దరఖాస్తు పెడితే మొదటికే మోసం, ఎందుకంటే ఆప్కో పనే చీరలు అమ్మడం. శాఖ పేరు మీదో, అమ్మకాలతో సంబంధం లేని వేరే బోర్డు పేరు మీదో పెట్టాలి. ఇంకో షరతు, ప్రమాణాలకు తగ్గట్టు నేసిన ఎవరికీ మార్క్ కాదనకూడదు. సొసైటీ మెంబర్లకే ఇస్తాం, మాస్టర్ వీవర్ దగ్గర కూలికి నేసేవాడికి ఇవ్వం అంటే కుదరదు. ఇది నాకు చాలా నచ్చిన షరతు. అసలు నేసే చేతుల్లో చాలా వరకు ఆ కూలి మగ్గాల మీదే ఉన్నాయని మీకు తెలియంది కాదు.

దరఖాస్తు రుసుము కొన్ని వందల డాలర్లు. లాయరు ఖర్చు దానికి పైన. ఒక మంత్రివర్గ బృందం విమాన టికెట్లకయ్యే డబ్బుతో పోలిస్తే అదెంత! అసలు ఖర్చు తర్వాత మొదలవుతుంది, మగ్గం దగ్గర తనిఖీ చేసి, ప్రతి చీరకీ లేబుల్ వేసే మనుషులకి. దానికి బడ్జెట్ పెట్టకపోతే మార్క్ వచ్చినా కాగితం మీదే ఉంటుంది.

ఇప్పుడే ఎందుకంటే, దానికీ కారణముంది. ఇన్నాళ్లూ మాలో చాలామంది చీరలు ఊరి నుంచి పార్సిల్లో తెప్పించుకునేవాళ్లం. 800 డాలర్ల లోపు పార్సిల్‌కి ఇక్కడ సుంకం ఉండేది కాదు. 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు తీసేశారు. అదే నెలలో ఇండియా సరుకు మీద అదనపు సుంకం 50 శాతానికి చేరింది. మన తపాలా శాఖ అమెరికాకి పార్సిళ్లు తీసుకోవడమే ఆపేసి, మళ్లీ అక్టోబరు మధ్యలో మొదలుపెట్టింది. ఆ మధ్యలో వాట్సాప్‌లో చీరలమ్మే మన ఊళ్ల ఆడవాళ్లు, వాళ్ల వెనకున్న నేతగాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో అప్పటి గ్రూపుల్లో చూశాను. సుంకాలు పెరుగుతాయి, తగ్గుతాయి, మన చేతిలో లేదు. చిన్న పార్సిల్ దారి ఇరుకైనప్పుడు మళ్లీ కంటైనర్‌లో సరుకు తెప్పించే షాపువాడే పెద్ద దిక్కు అవుతాడు. అందుకే డెవాన్‌లో, అలాంటి మన షాపులే ఉండే న్యూజెర్సీ ఓక్ ట్రీ రోడ్డులో, న్యూయార్క్ జాక్సన్ హైట్స్‌లో టికెట్ మీద ఏం రాస్తారన్నది మంగళగిరి కూలి రేటుకి సంబంధించిన విషయం.

తెలుగు మహాసభల్లో చేనేత స్టాళ్లు పెడుతున్నారు, సంతోషం. అక్కడ ఫొటోలు బాగా వస్తాయి. కానీ అవి వారాంతంతో సర్దేస్తారు, డెవాన్ షాపు ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది. అక్కడికి వచ్చేవాళ్లు మనమే కాదు. గుజరాతీ పెళ్లికూతుళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు, చీర కట్టుకోవాలని సరదాపడే అమెరికన్లు కూడా. మంగళగిరి ఎక్కడుందో తెలియనివాళ్లు ఆ పేరు అడిగి కొనాలంటే టికెట్ మీద ఆ పేరు ఉండాలి. షాపువాళ్లతో మాట్లాడితే వాళ్ల ఇబ్బందులూ తెలుస్తాయి. మన సొసైటీల నుంచి సరుకు నేరుగా తెప్పించుకోవాలంటే ఇన్‌వాయిస్ సరిగా ఉండదని, అమెరికా లేబుల్ రూల్స్ ఎవరికీ తెలియవని, పచ్చ రంగు అడిగితే చిలకపచ్చ వస్తుందని చెప్పారు. సూరత్ వాళ్లు ఇవన్నీ దిద్దుకున్నారు కాబట్టే ఆ అరల్లో ఉన్నారు. ఈసారి మీ అధికారులు చికాగో వస్తే ఒక్క పూట ఈ వీధిలో నడిచి, పదిమంది షాపువాళ్లతో కూర్చోమనండి.

తెలంగాణ మంత్రి గారికి కూడా ఈ లేఖ ప్రతి పంపుతున్నాను. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట వాళ్లవి. రెండు రాష్ట్రాలూ ఒకే లాయర్ని పెట్టుకుని ఒకేసారి దరఖాస్తులు వేస్తే ఖర్చు కలిసొస్తుంది. నీళ్ల విషయంలో ఉన్న పేచీలు చీరల్లో ఏమీ లేవు కదా.

నేను అడిగేవి మూడే ప్రశ్నలు. దరఖాస్తు ఏ సంస్థ పేరు మీద పెడతారు? మగ్గం దగ్గర తనిఖీ ఎవరు చేస్తారు? మొదటి లేబుల్ వేసిన చీర ఇక్కడి షాపుకి ఎప్పటికి చేరుతుంది? జవాబు తెలుగులో, తేదీలతో సహా ఇస్తే, దాన్ని ఇంగ్లీషు చేసి డెవాన్ షాపువాళ్ల చేతికి ఇచ్చే పని నాది.

ఇట్లు,
బ్లూమింగ్టన్ నుంచి మంగళగిరి కోడలు