టీబీ, న్యుమోనియా ప్యాకేజీ రిపోర్టులోని వ్యాఖ్యపై ఫిర్యాదు

నల్లగొండ

లాబు క్వాలిటీ విభాగం అధిపతి గారికి,

విషయం: మా మేనల్లుడికి ఇచ్చిన ఊపిరితిత్తుల రక్తపరీక్షల ప్యాకేజీ రిపోర్టును ఉపసంహరించుకుని, సరిచేసిన రిపోర్టు ఇవ్వడం గురించి, ఆ ప్యాకేజీ కింద ముద్రించే వ్యాఖ్యలను మార్చడం గురించి.

అయ్యా,

మా మేనల్లుడు మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో హమాలీ పని చేస్తాడు. షుగరు ఉంది, మాత్రలు క్రమంగా వేసుకోడు. మూడు వారాలు దాటినా తగ్గని దగ్గు, సాయంత్రమైతే వచ్చే జ్వరం, తగ్గుతున్న బరువుతో అతను ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్తే, ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో మచ్చ కనిపించింది. టీబీ మచ్చ సాధారణంగా పైభాగంలో ఉంటుంది గానీ, షుగరు ఉన్నవాళ్లలో కింద కూడా వచ్చి న్యుమోనియాను తలపిస్తుంది కాబట్టి, డాక్టరు గారు ఎటూ తేల్చుకోలేక తెమడ పరీక్ష, రక్తపరీక్షలు రెండూ రాశారు. నల్లగొండలోని మీ కలెక్షన్ సెంటరులో ఒక్క రక్త నమూనాతో టీబీనో న్యుమోనియానో తేల్చి చెబుతామన్న పోస్టరు చూసి, ఇక తెమడ ఇచ్చే పని లేదనుకుని మావాడు మీ ప్యాకేజీ చేయించుకున్నాడు.

మీ రిపోర్టు చివర బొద్దు అక్షరాల్లో ఇలా ఉంది: "క్షయకు అవకాశం లేదు. బ్యాక్టీరియల్ న్యుమోనియాకు అనుకూలం." దాన్ని నమ్మి డాక్టరు గారు లెవోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఆ మందుకు టీబీ క్రిమి మీద కూడా కొంత పట్టు ఉండడం వల్ల జ్వరం తగ్గినట్టే తగ్గి, కోర్సు అయిపోయాక మళ్లీ తిరగబెట్టింది. టీబీ అనుమానం ఉన్నప్పుడు ఆ తరగతి మందులకు దూరంగా ఉండమని చెప్పేది ఇందుకే. చివరికి తెమడలో రక్తపు చారలు కనిపించాక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడ ఉచితంగా చేసిన సీబీనాట్ పరీక్షలో (తెమడలో టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) టీబీ క్రిమి బయటపడింది. ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమే కావడం మా అదృష్టం. ఈలోపు అతను మిల్లులో పదిమంది మధ్య పనిచేస్తూ, ఇంట్లో చిన్నపిల్లల పక్కనే పడుకుంటూ ఉన్నాడు.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో లాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. జబ్బు ఖాయమయ్యాక మీ రిపోర్టును పక్కన పెట్టుకుని వరుస వరుసగా చదివాను. మీరు ముద్రించిన అంకెలు ఒకటి చెబుతుంటే వాటి కింద మీరు రాసిన వ్యాఖ్య ఇంకొకటి చెబుతోంది. నా ఫిర్యాదు అంతా దీని మీదే.

మొదట ఇగ్రా పరీక్ష సంగతి. దీనిలో రక్తాన్ని కొన్ని ట్యూబుల్లోకి తీసి, టీబీ క్రిమి ప్రోటీన్లు తగిలినప్పుడు అందులోని కణాలు ఇంటర్‌ఫెరాన్ గామాను ఎంత విడుదల చేస్తాయో కొలుస్తారు. మైటోజెన్ ట్యూబు ఉండేది ఆ కణాలు అసలు పనిచేసే స్థితిలో ఉన్నాయో లేదో చూడడానికి. మైటోజెన్ విలువలోంచి, ఏమీ కలపని నిల్ ట్యూబు విలువ తీసేస్తే కనీసం 0.5 యూనిట్లు రావాలి. అంతకన్నా తక్కువ వచ్చి, టీబీ ట్యూబులు కూడా పాజిటివ్ కాకపోతే ఆ పరీక్షను నెగటివ్ అనకూడదు, అనిశ్చితం అనాలి. మీ రిపోర్టులో నిల్ 0.05, మైటోజెన్ 0.36. అంటే తేడా 0.31. దాని పక్కనే "నెగటివ్" అని ఉంది. ఇంకో సంగతి కూడా మీ కాగితంలోనే దొరికింది. రక్తం తీసిన సమయం సాయంత్రం 4.10, హైదరాబాదులోని మీ లాబులో ట్యూబులను ఇంక్యుబేటరులో పెట్టిన సమయం మరుసటి రోజు 11.40. మామూలు గది వేడిమిలో ఉంచిన ట్యూబులను 16 గంటల్లోపు 37 డిగ్రీల్లో పెట్టాలన్నది కిట్టు నియమం. మైటోజెన్ తక్కువ రావడానికి ఈ ఆలస్యం కారణమో, రోగి షుగరు కారణమో నేను చెప్పలేను. ఏది కారణమైనా ఆ నమూనాను తిరస్కరించి మళ్లీ రక్తం అడగాల్సింది. మీ సెంటరులోని కుర్రవాణ్ని అడిగితే, "రిపోర్టు కంప్యూటరే ఇస్తది సార్, మాకేం తెల్వది" అన్నాడు. అతన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు.

పోనీ, ఇగ్రా సరిగ్గానే చేసి నెగటివ్ వచ్చిందనుకుందాం. అప్పుడైనా "క్షయకు అవకాశం లేదు" అని రాసే హక్కు మీకు రాదు. జబ్బు ఉన్నవాళ్లలో కూడా ఈ పరీక్ష కొందరికి నెగటివ్ చూపిస్తుంది. పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టూ కాదు. 2019–21 జాతీయ సర్వేలో 15 ఏళ్లు దాటినవారిలో సుమారు 31 శాతం మందిలో టీబీ క్రిమి సోకిన ఆనవాళ్లు కనిపించాయి, వాళ్లలో ఎక్కువమందికి జబ్బే లేదు. మనలాంటి దేశాల్లో ఊపిరితిత్తుల టీబీని నిర్ధారించడానికి దీన్ని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. అదే ఏడాది ఆ సంస్థ రక్తంలో యాంటీబాడీలు చూసే టీబీ కిట్లను కూడా వద్దంది, 2012 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం వాటిని నిషేధించింది. అంతకుముందు ఆ కిట్లు మన పట్టణాల్లో ఎంత జోరుగా నడిచాయో చూసినవాణ్ని కాబట్టి, మీ పోస్టరు చూడగానే నాకు అవే గుర్తొచ్చాయి.

ఇక న్యుమోనియా అని తేల్చడానికి మీరు ఆధారం చేసుకున్నది రక్తంలోని సీఆర్‌పీ అనే ప్రోటీన్. అది 84 ఉంది. శరీరంలో ఎక్కడ వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నా కాలేయం దీన్ని తయారు చేస్తుంది, టీబీలోనూ పెరుగుతుంది. న్యుమోనియాలో తరచు 100 దాటుతుందనీ, టీబీలో అంత ఉండదనీ అంటారు గానీ, రెండింటి అంకెలూ ఒకదాని మీదికి ఒకటి వచ్చే చోటు చాలా పెద్దది. 84 సరిగ్గా అక్కడే పడుతుంది. వాపును చూపే మరో రక్తపరీక్ష ఈఎస్ఆర్ గురించి చెప్పనక్కర్లేదు, అది రెండింటిలోనూ పెరిగేదే.

అదే పేజీలో ప్రోకాల్సిటోనిన్ 0.09 అని ఉంది. ఈ రెండు జబ్బులను విడదీయడంలో కాస్తయినా పనికొచ్చే రక్తపరీక్ష మీ ప్యాకేజీలో ఇదొక్కటే. బ్యాక్టీరియా వల్ల వచ్చే మామూలు న్యుమోనియాలో ఇది బాగా పెరుగుతుంది, ఊపిరితిత్తుల టీబీలో తరచు 0.25 లోపే ఉండిపోతుంది. అంటే మీ చేతిలోని అంకెల్లో అన్నిటికన్నా విలువైనది న్యుమోనియా వైపు కాక అవతలి వైపు మొగ్గుతుంటే, మీ వ్యాఖ్య దాన్ని చూడనే లేదు. అలాగని 0.09 చూసి టీబీ అని రాయాల్సిందని నేను అనడం లేదు. మైకోప్లాస్మా లాంటి క్రిముల వల్ల వచ్చే న్యుమోనియాల్లో ఇది తక్కువగా ఉండవచ్చు, ఒళ్లంతా పాకిన టీబీలో పెరగనూ వచ్చు. ఈ అంకె తక్కువగా ఉందన్న ఒక్క కారణంతో న్యుమోనియా రోగికి మొదట్లో యాంటీబయాటిక్ ఆపవద్దని 2019 అమెరికన్ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఆ చోట "రక్తపరీక్షలతో తేలలేదు, తెమడను సీబీనాట్‌కు గానీ, అలాంటిదే అయిన ట్రూనాట్‌కు గానీ పంపాలి" అని ఒక్క వాక్యం ఉండి ఉంటే చాలు, డాక్టరు గారు ఆ రోజే పంపించేవారు.

మీ కస్టమర్ కేర్ వారికి ఫోను చేస్తే, రోగి లక్షణాలతో పోల్చి చూసుకోవాలని రిపోర్టు అడుగున రాశాం కదా అన్నారు. రాశారు, నిజమే. భూతద్దం పెడితే గానీ కనబడని అక్షరాల్లో రాశారు. పైన బొద్దు అక్షరాల్లో జబ్బు లేదని తేల్చేసి, అడుగున బాధ్యత డాక్టరు మీదికి నెట్టడం ఏ లాబుకూ తగదు.

కాబట్టి ఈ రిపోర్టులోని ఇగ్రా ఫలితాన్ని అనిశ్చితంగా మార్చి, వ్యాఖ్యను తొలగించి, సరిచేసిన ప్రతిని మాకూ డాక్టరు గారికీ పంపవలసిందిగా కోరుతున్నాను. ప్యాకేజీకి కట్టిన డబ్బు తిరిగి ఇవ్వాలి. అయితే డబ్బు కన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది: మైటోజెన్ విలువ చాలకపోయినా "నెగటివ్" అని రిపోర్టు అందుకున్న వాళ్లు మావాడొక్కడే అయి ఉండడు. మీ కంప్యూటరులో వెతికితే వాళ్లందరి పేర్లూ దొరుకుతాయి. వాళ్లకు ఫోను చేసి తెమడ పరీక్ష చేయించుకోమని చెప్పాలి. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ నుంచి వెళ్లే నమూనాలు 16 గంటల్లోపు మీ ఇంక్యుబేటరుకు చేరే ఏర్పాటు లేకపోతే ఇక్కడ ఇగ్రాకు రక్తం తీసుకోవడం ఆపాలి. ఆ పోస్టరును తీసేయాలి.

ఈ లేఖ ప్రతిని జిల్లా టీబీ నియంత్రణ అధికారి గారికి కూడా పంపుతున్నాను. పదిహేను రోజుల్లోపు రాతపూర్వకంగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. మీ రిపోర్టు, డబ్బు కట్టిన రసీదు, సీబీనాట్ ఫలితం నకళ్లు దీనితో జతపరుస్తున్నాను.

ఇట్లు,
రోగి మేనమామ