తడిపిన కట్టెల సంగతి

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో సొంత జ్ఞాపకాలు ఎలా రాసుకోవాలో చెప్పిన వ్యాసం చదివాను. పుట్టిన ఊరితో మొదలుపెట్టి వరసగా రాయాలట, తేదీలు గుర్తు లేకపోతే వదిలేయాలట, చదివినవాళ్లకు స్ఫూర్తి కలగాలట. సరిగ్గా ఆ పద్ధతిలోనే నేనొక నోటుబుక్కు నింపి భంగపడ్డాను కనుక ఈ ఉత్తరం.

నలభై పేజీలు. పుట్టుక, చదువు, టీచరుద్యోగం, పెళ్లి, పిల్లలు. మా ఆయన రెండు పేజీలు చదివి కళ్లద్దాలు తీసేసి, "సర్వీసు రిజిస్టరులా ఉందే" అన్నారు.

తేదీలు వదిలేయమనడం నాకు నచ్చలేదు. సర్టిఫికెట్లో నేను పుట్టింది 1955 జూన్. మాయమ్మేమో "ట్రాములు ఆగిపోయినాక, ఆంధ్రా విడిపోకముందు పుట్టావే" అనేది. ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీకి పోయి చూసుకున్నాను. మద్రాసులో ట్రాములు ఆగింది 1953 ఏప్రిల్‌లో. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది అదే ఏడు అక్టోబరు 1న. అంటే బడిలో వేసేటప్పుడు రెండేళ్లు తగ్గించారు. రెండేళ్ల జీతం ఎక్కువే తీసుకున్నానన్నమాట. పింఛను ఇచ్చేవాళ్లు తెలుగు పేపరు చదవరని ధైర్యం.

అసలు సంగతి అది కాదు. ఆ నలభై పేజీల్లో మా నాయన గురించి ఉన్నది ఒక్క ముక్క: 'చాలా నిజాయితీపరులు'. నాయన బేసిన్ బ్రిడ్జి దగ్గర ఒక కట్టెల అడితిలో గుమాస్తా. బకింగ్‌హామ్ కాలవ మీద శ్రీహరికోట వైపు నుంచి పడవల్లో సరుగుడు కట్టెలు వచ్చేవి. (1971లో అక్కడ రాకెట్లు మొదలయ్యాయి గానీ, అంతకుముందు మద్రాసు పొయ్యిలకు వంటచెరకు ఆ దీవి నుంచీ వచ్చేది.) నెల్లూరులో ఉన్న మా తమ్ముడికి ఫోన్లో ఆ నలభై పేజీలూ చదివి వినిపించాను. వాడు చివరిదాకా విని, "తడిపిన కట్టెల సంగతి రాయలేదేం అక్కా?" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లారకముందే అడితిలో కట్టెల మీద నీళ్లు కొట్టేవాళ్లు, తూకం పెరగడానికి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. కాలవలో సత్తుబిందె ముంచి మోసుకొచ్చింది నేనే. నాయన కాటా పక్కన నిలబడి, నా వంక చూడకుండా చిట్టా తిరగేస్తుండేవాడు. పైన రెండు వరసలు మాత్రం పొడివి పేర్పించేవాడు. మా ఇంటికి ఎండినవి ఏరి తెచ్చేవాడు. యజమాని చెప్పిందే చేశాడు, నిజమే. అయినా ఆయన చేతి మీదుగానే జరిగింది.

అదే రాశాను, పేజీన్నర. మా మనవరాలికి తెలుగు చదవడం రాదు. ఇక్కడ తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడుల్లో తమిళం తప్పనిసరి, తెలుగు ఇంట్లో నోటిమాటకే. అందుకని చదివి వినిపించాను. నలభై పేజీలప్పుడు సెల్లు చూసుకున్న పిల్ల ఈసారి అడిగింది: "అవ్వా, తడి కట్టె అంటుకోదు కదా, కొన్నోళ్లు ఏం చేశారు?"

మా ఎదురింటావిడ ఊదుగొట్టంతో ఊదీ ఊదీ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ "పాడు కట్టెలు" అని తిట్టేది. ఆమె కొనేది మా అడితిలోనే. ఆ పొగనూ నా బిందెనూ కలిపి నేనెన్నడూ ఆలోచించలేదు, ఆ పిల్ల అడిగేదాకా.

మీ జ్ఞాపకాల శీర్షికకు వచ్చేవన్నీ 'నాన్నగారి ఆదర్శ జీవితం' బాపతే. ఈసారి పాఠకులను వాళ్లు దాటేసిన ఒక్క పూట గురించి రాయమని అడగండి. కావాలంటే నా పేజీన్నర పంపుతాను. అడితి పేరు మాత్రం రాయను. యజమాని మనవలు మా వీధిలోనే ఉన్నారు, పొద్దున పాల దగ్గర రోజూ పలకరిస్తారు.

— ఒక విశ్రాంత తెలుగు టీచరు,
కొరుక్కుపేట, చెన్నై